వైర్‌లెస్ బ్రిడ్జ్ వెనక అడ్రస్‌లు తప్పుగా కనిపిస్తున్నాయా? ఇలా పట్టుకోండి

బెంగళూరులో మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడిపేవాళ్లకి ఈ సెటప్ కొత్తేమీ కాదు. ఫైబర్ కనెక్షన్ ఒక బిల్డింగ్‌కే ఉంటుంది. పక్క సందులో ఉన్న రెండో బిల్డింగ్‌కి కేబుల్ లాగడం కుదరక, ఈ డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన ఒక వైర్‌లెస్ బ్రిడ్జ్ (కేబుల్ బదులు గాల్లోంచి నెట్ దాటించే డివైజ్), ఆ డాబా మీద ఇంకొకటి బిగిస్తారు. నెట్ వస్తుంది, అందరూ హ్యాపీ. కొన్నాళ్లకి ఎవరో మెయిన్ రౌటర్ పేజీ తెరిచి చూస్తారు. అక్కడి నుంచి టెన్షన్. అవతలి బిల్డింగ్‌లో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకటే మ్యాక్ అడ్రస్ (ప్రతి డివైజ్‌కీ విడిగా ఉండాల్సిన గుర్తింపు నంబర్). కెమెరాల రికార్డర్ లిస్టులోనే లేదు. బ్రిడ్జ్ పేజీ నిన్నటి అడ్రస్‌లో తెరుచుకోవట్లేదు.

వీటిలో చాలావాటికి అసలు రిపేరే అక్కర్లేదు. కొన్నిటికి కావాలి. ఏది ఏ రకమో తేలకుండా కనిపించిన సెట్టింగునల్లా మార్చేస్తే బాగా నడుస్తున్న లింకు కూడా పడిపోతుంది, మళ్లీ డాబా ఎక్కాలి. అందుకే రీసెట్ బటన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి ఒక లాప్‌టాప్, ఒక నెట్‌వర్క్ కేబుల్, మెయిన్ రౌటర్‌దీ బ్రిడ్జ్‌లదీ పాస్‌వర్డ్‌లు. లాప్‌టాప్‌లో విండోస్ ఉందనుకుని చెబుతున్నాను. కమాండ్‌లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. ముందు, మీరు చూస్తున్నది ఏ లిస్టో తెలుసుకోండి

గొడవంతా ఇక్కడే ఉంటుంది. రౌటర్ లోపల డివైజ్‌ల లిస్టు ఒకటే ఉండదు. కనీసం మూడు ఉంటాయి. కొన్ని రౌటర్లు వాటన్నిటినీ కలిపి ఒకే పేజీలో చూపించి మనల్ని ఇంకా తికమక పెడతాయి.

మొదటిది డీహెచ్‌సీపీ లిస్టు. డీహెచ్‌సీపీ అంటే డివైజ్‌లకి రౌటర్ ఐపీ అడ్రస్‌లు, అంటే నెట్‌వర్క్‌లో వాడుకునే నంబర్లు పంచే పద్ధతి. ఐపీ అడ్రస్ ఇమ్మని ఎవరెవరు అడిగారో ఇందులో ఉంటుంది. అడిగేటప్పుడు ఆ డివైజ్ తన మ్యాక్ అడ్రస్‌ని రిక్వెస్ట్ లోపలే రాసి పంపుతుంది కాబట్టి, మధ్యలో బ్రిడ్జ్ ఉన్నా సాధారణంగా ఇక్కడ అసలు మ్యాకే కనిపిస్తుంది. ఒక్క ఇబ్బంది ఉంది. ఇచ్చిన అడ్రస్‌కి గడువు తీరేదాకా ఆ పేరు పోదు. పొద్దున్నే రూమ్ ఖాళీ చేసి వెళ్లినవాడి ఫోన్ సాయంత్రం కూడా అక్కడే ఉంటుంది.

రెండోది ఏఆర్‌పీ లిస్టు. ఫలానా ఐపీకి పంపాలంటే ప్రస్తుతం ఏ మ్యాక్‌కి పంపాలి అన్నది ఇది చెబుతుంది. బ్రిడ్జ్ మధ్యలో మ్యాక్‌ని మారిస్తే ఆ మార్పు ఇక్కడే బయటపడుతుంది.

మూడోది వైర్‌లెస్ క్లయింట్ల లిస్టు. ఆ రౌటర్ వైఫైకి నేరుగా కనెక్ట్ అయినవాళ్లు మాత్రమే ఇందులో ఉంటారు. బ్రిడ్జ్ ఆ వైఫైకి కనెక్ట్ అయితే బ్రిడ్జ్ ఒక్కటే కనిపిస్తుంది, దాని వెనక ఉన్నవాళ్లు కనిపించరు. ఇవతలి డాబా మీది బ్రిడ్జ్ మెయిన్ రౌటర్‌కి కేబుల్‌తో తగిలించి ఉంటే అదీ కనిపించదు. పైగా అవతలి బిల్డింగ్‌లో వైఫై వాడుతున్న ఫోన్లన్నీ లాన్ కనెక్షన్‌లో ఉన్నట్టు, అంటే కేబుల్‌తో తగిలించినట్టు చూపిస్తుంది. రౌటర్ వైపు నుంచి చూస్తే అది నిజమే, అవన్నీ ఆ పోర్టు నుంచే వస్తున్నాయి.

కాబట్టి ఒకే ఫోన్ డీహెచ్‌సీపీ లిస్టులో ఒక మ్యాక్‌తో, ఏఆర్‌పీ లిస్టులో ఇంకో మ్యాక్‌తో కనిపిస్తే రెండూ సరైనవే కావచ్చు.

2. ఐపీలు, మ్యాక్‌లు పక్కపక్కన పెట్టి చూడండి

లాప్‌టాప్‌ని మెయిన్ రౌటర్ వైపు కనెక్ట్ చేయండి. అవతలి బిల్డింగ్‌లో ఉన్న రెండు మూడు డివైజ్‌ల ఐపీలు తీసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌లో కమాండ్‌లు కొట్టే చోటు) ఒక్కొక్కదాన్నీ పింగ్ చేయండి, అంటే పింగ్ అని కొట్టి పక్కన ఆ ఐపీ ఇవ్వండి; అది పలుకుతుందో లేదో తెలుస్తుంది. విండోస్ ఫైర్‌వాల్ వల్ల కొన్ని పింగ్‌కి బదులివ్వవు. ఫర్వాలేదు, బదులు రాకపోయినా మనకి కావలసింది నమోదవుతుంది. వెంటనే ఏఆర్‌పీ -ఏ అని కొట్టండి. ఐపీలు ఎడమవైపు, వాటికి ఎదురుగా ఫిజికల్ అడ్రస్ పేరుతో మ్యాక్‌లు వస్తాయి.

ఒక్కో ఐపీకి ఒక్కో వేరే మ్యాక్ ఉంటే మీ బ్రిడ్జ్ పారదర్శకంగా పనిచేస్తోంది, ఉన్నది ఉన్నట్టు దాటిస్తోంది. అడ్రస్ విషయంలో దాని తప్పేమీ లేదు, నేరుగా నాలుగో అంచెకి వెళ్లండి.

ఐపీలు వేరువేరుగా ఉండి మ్యాక్ మాత్రం అన్నిటికీ ఒకటే ఉంటే, బ్రిడ్జ్ మ్యాక్‌ని మార్చి పంపుతోంది. ఆ ఒక్క మ్యాక్ అవతలి బ్రిడ్జ్‌దే. మూడో అంచె మీ కోసమే.

అసలు ఆ ఐపీలే ఇక్కడ దొరకకుండా, అవతలి బిల్డింగ్ మొత్తానికీ మెయిన్ రౌటర్‌లో ఒక్క ఐపీ, ఒక్క మ్యాక్ మాత్రమే కనిపిస్తే అది బ్రిడ్జ్‌గా లేదు. రౌటర్ మోడ్‌లో ఉంది. ఖాయం చేసుకోవాలంటే లాప్‌టాప్‌ని అవతలి బిల్డింగ్‌కి తీసుకెళ్లి ట్రేసర్ట్ 8.8.8.8 అని కొట్టండి. బయటి నెట్‌లోని ఆ అడ్రస్‌కి వెళ్లే దారిలో ఎవరెవరు తగులుతారో ఇది వరసగా చూపిస్తుంది. బ్రిడ్జ్ ఆ వరసలో ఎప్పుడూ కనబడకూడదు, మొదటి మెట్టు మెయిన్ రౌటరే అవ్వాలి. మొదట ఇంకేదో ప్రైవేట్ అడ్రస్ వచ్చి, రెండో మెట్టులో మెయిన్ రౌటర్ వస్తే మధ్యలో ఎవరో రౌటర్ వేషం కట్టారన్నమాట.

ఈ రౌటర్ మోడ్ వ్యవహారం తేలిగ్గా తెగుతుంది. బ్రిడ్జ్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ మోడ్‌ని రౌటర్ నుంచి బ్రిడ్జ్‌కి మార్చండి. మధ్యలో ఉన్నది మామూలు వైఫై రౌటరైతే దాని డీహెచ్‌సీపీ సర్వర్ ఆపి, మెయిన్ రౌటర్ వరసలోనే (అంటే ఐపీలో మొదటి మూడు భాగాలు అవే ఉండేలా) వాడకంలో లేని ఐపీ ఒకటి దానికిచ్చి, వాన్ పోర్టులో (బయటి నెట్ లోపలికి వచ్చే పోర్టు) ఉన్న కేబుల్‌ని తీసి లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు అడ్రస్‌లు పంచుతుంటారు. కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు, ఎవరికి ఎందుకో అర్థం కాదు.

3. అందరికీ ఒకటే మ్యాక్: ఎందుకు, ఎప్పుడు పట్టించుకోవాలి

వైఫైలో మామూలు కనెక్షన్‌లో నడిచే ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) మీద మూడు అడ్రస్‌లే ఉంటాయి. ఫోన్ నుంచి బయలుదేరిన ప్యాకెట్ మీద యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే డివైజ్) అడ్రస్, ఫోన్ అడ్రస్, చివరికి చేరాల్సిన చోటు అడ్రస్. ఫోన్ తన కోసం తనే మాట్లాడుకుంటుంది కాబట్టి మూడు సరిపోతాయి. బ్రిడ్జ్ మాత్రం వెనకున్నవాళ్ల తరఫున మాట్లాడుతుంది. దానికి నాలుగోది కావాలి: గాల్లోకి పంపింది ఎవరు, అసలు పుట్టించింది ఎవరు అని వేరువేరుగా రాయడానికి. ఆ నాలుగో గడి లేని కనెక్షన్‌లో, యాక్సెస్ పాయింట్ తనకి కనెక్ట్ అయిన మ్యాక్ నుంచి వచ్చినవాటినే ఒప్పుకుంటుంది. చేసేది లేక బ్రిడ్జ్ అందరి ప్యాకెట్ల మీదా తన మ్యాకే వేసి పంపి, తిరిగి వచ్చినవాటిని ఐపీ చూసి ఎవరివి వాళ్లకి అందిస్తుంది. పీజీకి వచ్చే కొరియర్లన్నీ వాచ్‌మన్ తన సంతకంతో తీసుకుని, రూమ్ నంబర్ చూసి పంచినట్టు.

కాబట్టి ఇది చెడిపోవడం కాదు. రెండో బిల్డింగ్‌లో అందరూ యూట్యూబ్ చూసుకుని, ఆఫీసు కాల్స్ మాట్లాడుకుని పడుకుంటున్నారంటే, దీన్ని అలాగే వదిలేయమనే నా సలహా. లిస్టు అందంగా కనబడాలని నడిచే లింకుని కెలకడం అనవసరం.

పట్టించుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకటి బ్లాక్ చేయడం. నెట్ ఎక్కువ లాగేస్తున్నాడని ఒకడి ఫోన్‌ని మెయిన్ రౌటర్‌లో మ్యాక్ ద్వారా బ్లాక్ చేస్తే, ఆ మ్యాక్ బ్రిడ్జ్‌ది కాబట్టి బిల్డింగ్ బిల్డింగంతా చీకట్లో పడుతుంది. పీజీ ఓనర్లు "తెలియని డివైజ్ ఏదో ఉంది" అని బ్లాక్ నొక్కడం, ఐదు నిమిషాల్లో మూడో ఫ్లోర్ నుంచి ఫోన్లు రావడం ఇలాంటి చోట్ల మామూలే. రెండోది, పిల్లల కోసం పెట్టే టైమ్ లిమిట్లు. ఇవి కూడా మ్యాక్ మీదే నడుస్తాయి. మూడోది, రికార్డర్‌కో, ప్రింటర్‌కో, వేలిముద్రల హాజరు మెషిన్‌కో ఎప్పుడూ ఒకటే ఐపీ రావాలని పెట్టే రిజర్వేషన్.

అసలు మందు డబ్ల్యూడీఎస్ అనే మోడ్. ఇది పెడితే ఆ నాలుగో అడ్రస్ కూడా ప్యాకెట్ మీద ప్రయాణిస్తుంది, మెయిన్ రౌటర్‌కి అందరి మ్యాక్‌లూ విడివిడిగా కనిపిస్తాయి. షరతు ఏమిటంటే రెండు వైపులా ఆన్ చేయాలి, రెండు వైపులా ఒకదాని భాష ఒకదానికి అర్థమవ్వాలి. నాలుగు అడ్రస్‌ల ప్యాకెట్ ఎలా ఉండాలో ప్రమాణంలో ఉంది గానీ, దాన్ని వాడే తీరు కంపెనీ కంపెనీకీ మారుతుంది. అందుకే రెండూ ఒకే కంపెనీవి, వీలైతే ఒకే మోడల్‌వి పెట్టండి.

సెట్టింగు పేరు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. యుబిక్విటీ కంపెనీ పాత ఎం సిరీస్‌లో వైర్‌లెస్ ట్యాబ్‌లో డబ్ల్యూడీఎస్ అని ఒక టిక్కు ఉంటుంది, పక్కనే ట్రాన్స్‌పరెంట్ బ్రిడ్జ్ మోడ్ అని రాసి ఉంటుంది. మైక్రోటిక్ కంపెనీవాటిలో స్టేషన్ సూడోబ్రిడ్జ్ అని ఉంటే అది మ్యాక్ మార్చే రకం; స్టేషన్ బ్రిడ్జ్ అయితే ఉన్నది ఉన్నట్టు పంపుతుంది, కాకపోతే అటువైపు యాక్సెస్ పాయింట్ కూడా మైక్రోటిక్‌దే అవ్వాలి. రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లు రిలేడీ ప్యాకేజీ వాడుతుంటే అది బ్రిడ్జ్‌లా నటించేదే; రెండు వైపులా డబ్ల్యూడీఎస్ మోడ్‌కి మారితే ఆ నటన అవసరం ఉండదు.

మార్చేటప్పుడు వరస ముఖ్యం. ముందు దూరంగా ఉన్న బ్రిడ్జ్‌లో మార్చండి, తర్వాత దగ్గరున్నదాంట్లో. దగ్గరది ముందు మారిస్తే లింకు తెగిపోయి దూరపుదాని పేజీ తెరుచుకోకపోవచ్చు, అప్పుడు రెండో డాబా ఎక్కక తప్పదు. మార్చాక వెంటనే లిస్టు చూసి నిరాశపడొద్దు. బ్రిడ్జ్‌లు మ్యాక్‌లని గుర్తుపెట్టుకునే సమయం మామూలుగా 300 సెకన్లు. ఐదు నిమిషాలు ఆగి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ -డీ * కొట్టి పాతవి తుడిచేసి, మళ్లీ పింగ్ చేసి చూడండి.

ఇక నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ వైఫైనే బ్రిడ్జ్ నేరుగా పట్టుకుంటోందా? వాటిలో డబ్ల్యూడీఎస్ సెట్టింగు దొరకడం కష్టం. ఇంకో అదే కంపెనీ బ్రిడ్జ్ కొని, ఇవతలి వైపు రౌటర్‌కి కేబుల్‌తో తగిలించి, ఆ రెండిటి మధ్య డబ్ల్యూడీఎస్ పెట్టడమే సరైన దారి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్‌లో సెకండ్ హ్యాండ్‌వి కొనేటట్టయితే అక్కడే పవర్ ఇచ్చి, రీసెట్ చేసి, పేజీ తెరిచి చూశాకే డబ్బులివ్వండి.

ఖర్చు వద్దనుకుంటే సర్దుబాటు మార్గాలున్నాయి. రికార్డర్‌కి దాని మెనూలోనే స్టాటిక్ (ఎప్పుడూ మారని) ఐపీ పెట్టేయండి, అది మెయిన్ రౌటర్ పంచే రేంజ్‌కి బయట ఉండాలి. ఒకరిని బ్లాక్ చేయాలంటే మెయిన్ రౌటర్‌లో కాకుండా, ఆ బిల్డింగ్‌లో వైఫై ఇస్తున్న యాక్సెస్ పాయింట్‌లో చేయండి. దానికి అందరి అసలు మ్యాక్‌లూ తెలుసు.

వైఫై ఇంకా దూరం అందేలా గోడకి తగిలించే ఎక్స్‌టెండర్ల సంగతి ఇంకోలా ఉంటుంది. కొన్ని ఎక్స్‌టెండర్లు అందరికీ ఒకే మ్యాక్ ఇవ్వకుండా, ఒక్కొక్కరికీ ఒక వర్చువల్ మ్యాక్ తయారుచేస్తాయి. మొదటి మూడు జతలు మారతాయి, చివరి మూడు జతలు అసలువే ఉంటాయి. ఫోన్ సెట్టింగుల్లో చూసిన మ్యాక్‌తో రిజర్వేషన్ పెడితే పనిచేయట్లేదంటే చివరి ఆరు అక్షరాలు పోల్చి చూడండి. అవి కలిస్తే, మెయిన్ రౌటర్ చూపిస్తున్న వర్చువల్ మ్యాక్‌తోనే రిజర్వేషన్ పెట్టండి.

4. బ్రిడ్జ్ పేజీయే తెరుచుకోకపోతే

బ్రిడ్జ్‌కి ఉండే ఐపీ మనం దాని పేజీ తెరవడానికే. నెట్ దాటించడానికి దానికి ఆ ఐపీ అక్కర్లేదు. అందుకే నెట్ బ్రహ్మాండంగా నడుస్తూ పేజీ మాత్రం తెరుచుకోకపోవడం జరుగుతుంది.

ఎక్కువగా కారణం వరసలు కలవకపోవడమే. జియోఫైబర్ రౌటర్ 192.168.29.1 వరసలో ఉంటుంది. యుబిక్విటీ బ్రిడ్జ్ ఫ్యాక్టరీ అడ్రస్ 192.168.1.20, టీపీ లింక్ సీపీఈలది (వాళ్ల డాబా బ్రిడ్జ్‌ల పేరు) 192.168.0.254. మీ లాప్‌టాప్ 29 వరసలో ఉండి 1 వరసలో ఉన్నదాన్ని పిలిస్తే ఆ పిలుపు బ్రిడ్జ్ వైపు వెళ్లనే వెళ్లదు.

లాప్‌టాప్‌ని నేరుగా బ్రిడ్జ్ పవర్ ఇంజెక్టర్‌కి (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే బ్రిడ్జ్‌కి కరెంటు పంపే డబ్బా) తగిలించండి. ఇంజెక్టర్ మీద రెండు పోర్టులుంటాయి. కేబుల్ లాన్ అని రాసిన దాంట్లోనే పెట్టాలి. పీఓఈ అని రాసిన పోర్టులో కరెంటు వస్తుంది, దాన్ని లాప్‌టాప్‌కి తగిలించొద్దు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీని మాన్యువల్‌గా 192.168.1.10, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని ఇచ్చి బ్రౌజర్‌లో 192.168.1.20 తెరవండి. టీపీ లింక్ అయితే 192.168.0.10 ఇచ్చి ప్రయత్నించండి. వైఫై ఆపేసి చేయండి, లేకపోతే లాప్‌టాప్ రెండు దారుల మధ్య తడబడుతుంది. పేజీ తెరుచుకున్నాక బ్రిడ్జ్‌కి మెయిన్ రౌటర్ వరసలో స్టాటిక్ ఐపీ ఇవ్వండి. ఆ తర్వాత లాప్‌టాప్‌ని మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరవకండి.

కొత్తగా జత కొన్నవాళ్లకి ఇంకో చిక్కు. రెండు బ్రిడ్జ్‌లూ ఫ్యాక్టరీ నుంచి ఒకటే ఐపీతో వస్తాయి. రెండిటినీ ఒకేసారి ఆన్ చేస్తే బ్రౌజర్‌లో ఒకసారి ఒకదాని పేజీ, రిఫ్రెష్ కొడితే ఇంకోదాని పేజీ వస్తుంది. మీరు మార్చిన సెట్టింగు "దానంతట అదే పోయిందని" అనిపించేది ఇందుకే. ఒక్కొక్కటే ఆన్ చేసి, వేరువేరు ఐపీలు ఇచ్చాకే డాబా ఎక్కించండి.

బ్రిడ్జ్ పేజీలో అవతలి బ్రిడ్జ్‌కి ఎదురుగా కనిపించే ఐపీని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. కొన్నిటిలో అక్కడ లాస్ట్ ఐపీ అని ఉంటుంది. ఆ వైపు నుంచి చివరిసారిగా కనిపించిన ఐపీ అది. బ్రిడ్జ్‌ది కాక దాని వెనకున్న ఎవరి ఫోన్‌దో కావచ్చు.

5. 169.254తో మొదలయ్యే అడ్రస్, లేదా 0.0.0.0

అడిగినా ఎవరూ అడ్రస్ ఇవ్వకపోతే కంప్యూటర్ తనకి తానే 169.254తో మొదలయ్యే ఐపీ పెట్టుకుంటుంది. 0.0.0.0 అంటే ఇంకా ఏమీ దొరకలేదని. రెండిటికీ పరీక్ష ఒకటే: అవతలి బిల్డింగ్‌లో లాప్‌టాప్‌కి మెయిన్ రౌటర్ వరసలో ఖాళీగా ఉన్న ఐపీని మాన్యువల్‌గా ఇచ్చి మెయిన్ రౌటర్‌ని పింగ్ చేయండి.

పింగ్ వెళ్లకపోతే సమస్య లింకులోనో కేబుల్‌లోనో ఉంది. బెంగళూరు వానలకి డాబా మీది కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయేమో ముందు అది చూడండి.

పింగ్ వెళ్తే లింకు బాగుంది, డీహెచ్‌సీపీ ఒక్కటే ఆగిపోతోంది. పీజీల్లో ఎక్కువగా అడ్రస్‌లు అయిపోయి ఉంటాయి. గడువు 24 గంటలు పెట్టి ఉంటే, పొద్దున వచ్చిపోయిన చుట్టాల ఫోన్లు కూడా రేపటిదాకా అడ్రస్‌లు పట్టుకుని కూర్చుంటాయి. గడువుని రెండు గంటలకి తగ్గించి, పంచే రేంజ్ పెంచండి. అడ్రస్‌లు బోలెడు మిగిలి ఉన్నా రావట్లేదంటే మ్యాక్ మార్చే బ్రిడ్జ్ దగ్గర బదులు తప్పిపోతుండొచ్చు. బ్రిడ్జ్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, కుదిరితే మూడో అంచెలో చెప్పిన డబ్ల్యూడీఎస్ పెట్టండి.

6. ఎవరివో తెలియని మ్యాక్‌లు

బ్రిడ్జ్ పారదర్శకంగా ఉన్నా లిస్టులో గుర్తుపట్టలేని మ్యాక్‌లు కనిపిస్తే దొంగలు పడ్డారని అనుకోకండి. ఆండ్రాయిడ్ 10 (2019) నుంచి, ఐఓఎస్ 14 (2020) నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ తయారుచేసుకుంటున్నాయి. గుర్తుపట్టడం సులువు. మ్యాక్ అడ్రస్‌లో ఎడమ నుంచి రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఏదైనా అయితే అది కంపెనీ ఇచ్చింది కాదు, తర్వాత తయారైంది. పైన చెప్పిన ఎక్స్‌టెండర్ల వర్చువల్ మ్యాక్‌లు కూడా ఈ కోవలోకే రావచ్చు. రిజర్వేషన్ కావాలంటే ఆ ఫోన్‌లో మీ వైఫై పేరు సెట్టింగులోకి వెళ్లి, డివైజ్ మ్యాక్ వాడమని మార్చాలి.

బ్రిడ్జ్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్, లిస్టులోని మ్యాక్ చివరి అంకెలో ఒకటో రెండో తేడాగా ఉంటే అదీ మామూలే. కేబుల్ పోర్టుకి ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి ఒకటి, 5 గిగాహెర్ట్జ్ రేడియోకి ఒకటి ఉంటాయి. స్టిక్కర్ మీద రాసేది సాధారణంగా వాటిలో ఒక్కటే.

ఐపీవీ6 గురించి ఒక్క ముక్క. ఇప్పటిదాకా చూసిన ఐపీలు ఐపీవీ4 రకం, ఐపీవీ6 కొత్త రకం. మ్యాక్ మార్చే బ్రిడ్జ్‌ల వెనక ఫోన్లకి ఐపీవీ4 బాగా వచ్చి, ఐపీవీ6లో ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రస్ (బయటి నెట్‌కి పనికిరానిది) ఒక్కటే కనిపించడం మామూలు. ఐపీవీ6లో పక్కవాళ్లని వెతికే మెసేజ్‌ల లోపల కూడా మ్యాక్ రాసి ఉంటుంది, ఇలాంటి చాలా బ్రిడ్జ్‌లు దాన్ని మార్చలేవు. రిలేడీ అయితే ఐపీవీ4కి మాత్రమే. నెట్ నడుస్తుంటే వదిలేయండి.

"నా ఐపీ ఏది" అని చూపించే సైట్లు మీరు బెంగళూరులో కూర్చుంటే ముంబయిలో ఉన్నట్టు చెప్పడానికీ డాబా మీది బ్రిడ్జ్‌కీ సంబంధం లేదు. అది నెట్ కంపెనీ వైపు సంగతి. మెయిన్ రౌటర్ వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా అయితే కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోంది. కెమెరాలు ఊర్లో నాన్నగారికి ఫోన్‌లో కనిపించాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాల దాకా దారి తెరిచే రౌటర్ సెట్టింగు) ఎంత పెట్టినా పనిచేయకపోతే బ్రిడ్జ్‌ని విప్పకండి; ఆ వాన్ అడ్రస్ చూసి, కంపెనీకి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడగండి.